తేలినీలాపురం పిల్లలతో వెళ్లదగ్గ చోటేనా? (సంక్రాంతి సెలవులకి)

బొబ్బిలి_కోడలు:
అందరికీ నమస్కారం. మేం ఉండేది విజయనగరం. సంక్రాంతి సెలవులకి పిల్లల్ని (పాపకి 10, బాబుకి 6) ఎక్కడికైనా తిప్పాలి. విశాఖ జూ ఇప్పటికి మూడుసార్లు అయింది, నీటిగుర్రం పేరెత్తితేనే మావాడు "మళ్లీనా" అంటున్నాడు. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో సైబీరియా నుంచి పక్షులు వస్తాయట కదా, పొద్దున్న బయల్దేరి రాత్రికి వచ్చేయొచ్చా? మా అత్తగారు కూడా వస్తారు, ఆవిడకి మోకాళ్ల నొప్పులు. కూర్చోడానికి, వాష్‌రూమ్‌కి ఏమైనా ఉందా? వెళ్లినవాళ్లు చెప్పండి ప్లీజ్.

గూడబాతు22:
తప్పకుండా వెళ్లండి. జనవరిలో గూళ్లలో పిల్లలు కూడా కనిపిస్తాయి. పొద్దున్నే వెళ్లండి, బైనాక్యులర్స్ ఎవరి దగ్గరైనా అడిగి పట్టుకెళ్లండి. కానీ ఒక్క మాట, సైబీరియా కాదండీ. అక్కడికొచ్చేవి ముఖ్యంగా రెండు రకాలు, గూడబాతులు (పెలికాన్లు), రంగు కొంగలు. రెండూ మన దేశం పక్షులే, ఈ చుట్టుపక్కల దేశాల్లోనే ఉంటాయి. హిమాలయాలు దాటి వచ్చేవి వేరే ఉన్నాయి, చిలికాకి వచ్చే బాతుల్లాంటివి.

కాశీబుగ్గ_కాజు:
సైబీరియా అని చిన్నప్పట్నుంచీ వింటున్నాం. ఇప్పుడు కాదంటే ఎలా గురూ

మధురవాడ_మాస్టారు:
అమ్మా, నా అనుభవం చెప్తాను, తర్వాత మీ ఇష్టం. నిరుడు మా ఆవిడని, కూతుర్ని, మనవరాల్ని తీసుకుని వెళ్లాను. విశాఖ నుంచి శ్రీకాకుళం నూటపది కిలోమీటర్లు, అక్కడి నుంచి టెక్కలి మరో యాభై, ఆ పైన ఊళ్లో రోడ్డు. తీరా వెళ్తే చెట్టు మీద తెల్లగా ఏవో ఉన్నాయి, మనవరాలు "తాతా ఇవి ప్లాస్టిక్ కవర్లా" అంది. అది పోనీండి. మా ఆవిడకి అవసరమై అడిగితే గదికి తాళం, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు. చివరికి ఎవరో పుణ్యాత్మురాలు వాళ్లింట్లోకి రమ్మంది. షుగరు మనిషిని పట్టుకుని అరగంట ఊరంతా తిరిగాను. మా జూలో అయితే అడుగడుక్కీ బెంచీ, నీళ్లు, బాత్రూములు, బ్యాటరీ బండి. 1977లో తెరిచిన దగ్గర్నుంచీ చూస్తున్నాను, మా పిల్లలు అక్కడే పెరిగారు. సదుపాయం లేనిచోట ఆడవాళ్లని, పెద్దవాళ్లని ఇబ్బంది పెట్టడం పిక్నిక్ అనిపించుకోదు.

పార్వతీపురం_చిన్నోడు:
అన్నీ ఎందుకు, మా వైపు రండి. ఏనుగులు ఫ్రీగా చూపిస్తాం. ఒరిస్సా నుంచి అవే నడిచి వస్తాయి, టికెట్ మా వరిచేనే

మందస_కోవా:
మా జీడితోటలో ఎలుగులు. పనస పండితే చాలు దిగుతాయి. ఫ్యామిలీ ప్యాకేజీ

నౌపడ_ఉప్పు:
మాస్టారూ నాది ఆ పక్క ఊరే. బాత్రూం మాట నిజిమే, సిగ్గే మాకు కూడా. కానీ ప్లాస్టిక్ కవర్లు అంతారేటండీ, ఆ పాపకి ఎవరూ సెప్పలేదు కాబట్టి అంది, పక్కన నించుని పది నిమిషాలు సూస్తే తెలిసీది. తల్లి గూటికొచ్చి నోరు తెరిస్తే పిల్ల దాని గొంతులోకి తలంతా దూర్చీసి సేప తినీసుద్ది. సూసీవోళ్లకి పిల్లని మింగేసిందేటి అనిపిస్తది. మీ జూలో బోనులో ఉన్న పులి నిద్దరపోతా ఉంటది, దాన్ని చూడ్డానికి టికెట్టు. అప్పా (పోస్టు పెట్టినావిడ), మీరు రండి. ఒక్కటే, గుంటల్ని (పిల్లల్ని) అరవొద్దనండి, డ్రోన్లూ డీజేలూ ఒద్దు. అదే మేం అడిగీది.

హైదరాబాద్‌లో_సిక్కోలోడు:
ఇదిగో ఇదే మన జిల్లా సమస్య. "రండి కానీ అది వద్దు ఇది వద్దు." నేను ఆ మండలం వాణ్నే, పదిహేనేళ్లుగా ఇక్కడ సాఫ్ట్‌వేర్. ఆఫీసులో అందరూ కేరళ, కూర్గ్, అండమాన్ అంటారు, శ్రీకాకుళం అంటే "కిడ్నీ జబ్బు, తుపాన్లు" అంటారు. మనకేం తక్కువ, కళింగపట్నం, బారువ బీచ్‌లు, శాలిహుండం, శ్రీకూర్మం, అరసవల్లి, ఈ పక్షులు, తాబేళ్లు. ఒక పది చెక్క కాటేజీలు, బీలలో (చిత్తడి నేలల్లో) బోటింగ్, ఒక మంచి హోటల్ వేస్తే శని ఆదివారాలు విశాఖ జనమంతా ఇక్కడే ఉంటారు. మాస్టారు అడిగిన బాత్రూం కూడా అప్పుడే వస్తుంది. డబ్బు రాకుండా శుభ్రం రాదు.

గూడబాతు22:
బోటింగ్ మాత్రం వద్దు సార్. ఇవి గూడు పెట్టేది ఊరి చెట్ల మీద, మేత నౌపడ బీలలో, భావనపాడు వైపు ఉప్పుకాలవల్లో. అక్కడ మోటారు బోట్లు తిప్పితే మేత చెడుతుంది. 2021 చివర్లో తేలినీలాపురంలో గూడబాతులు వరసగా చచ్చిపోయాయి గుర్తుందా, చేపల ద్వారా లోపలికి వెళ్లిన నులిపురుగులు అని తేల్చారు. అంటే అవి తినే నీళ్లు ఎంత ముఖ్యమో చూడండి.

కాశీబుగ్గ_కాజు:
తేలుకుంచి కూడా ఉంది కదా, ఇచ్ఛాపురం దగ్గర. అక్కడికెళ్లి అట్నుంచి చిలికా వెళ్లిపోవచ్చు

గూడబాతు22:
సంక్రాంతికి తేలుకుంచిలో పక్షులుండవు. అక్కడికి వచ్చేవి నత్తగుల్ల కొంగలు, వానలతో వచ్చి చలి ముదిరేసరికి పిల్లలతో వెళ్లిపోతాయి. అవీ సైబీరియావి కావు.

కాశీబుగ్గ_కాజు:
ఎవరైనా సైబీరియా అన్నారా ఇప్పుడు??

మధురవాడ_మాస్టారు:
ఆ సైబీరియా గొడవ ఒగ్గేయండి బాబూ. నౌపడ గారు జూని బోను అన్నారు, దానికి జవాబు చెప్పాలి. కంబాలకొండ అడవిని ఆనుకుని వందల ఎకరాల్లో ఉంది అది. గాయపడ్డ జంతువుల్ని తెచ్చి సాకుతున్నారు. మందస ఆయన జోక్ చేశారు కానీ ఉద్దానంలో ఎలుగు మనిషి మీద పడితే చివరికి దాన్ని పట్టుకోడానికి పిలిచింది మా జూ వాళ్లనే కదా. అన్నీ స్వేచ్ఛగా ఉండాలని కుర్చీలో కూర్చుని అనడం తేలిక.

మందస_కోవా:
జోక్ కాదు మాస్టారూ. మా చిన్నాన్న భుజం ఇప్పటికీ పైకి లేవదు

పార్వతీపురం_చిన్నోడు:
నాదీ జోక్ కాదు. ఏనుగులొచ్చి వెళ్లాక మా నాన్న పొలం గట్టు మీద కూర్చుని మాట్లాడలేదు రోజంతా. మీరు వైల్డ్‌లైఫ్ ఎక్స్‌పీరియన్స్ అంటుంటే నవ్వొచ్చి రాశాను

బొబ్బిలి_కోడలు:
అయ్యో, సారీ అండి. నాకు తెలీదు. (వాష్‌రూమ్ తాళం ఇప్పుడు ఎవరి దగ్గరుందో ఎవరికైనా తెలుసా?)

విజినగరం_లక్ష్మి:
మార్చి దాకా ఆగగలిగితే పిల్లలకి తాబేళ్లు ఇంకా బాగుంటాయి. ఆలివ్ రిడ్లీలు జనవరి నుంచి రాత్రిపూట ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి, వాటిని ఫారెస్ట్ వాళ్లు ఏరి కంచె వేసి పొదిగిస్తారు, యాభై రోజుల మీద పిల్లలు బయటికొస్తే సముద్రంలో వదుల్తారు. మేం బారువ వైపు చూశాం, మా పాప ఏడ్చేసింది సంతోషంతో. ఫోన్ లైటు వేస్తే అవి సముద్రం అనుకుని వెలుగు వైపు తిరిగిపోతాయి, అది మాత్రం పిల్లలకి ముందే చెప్పాలి. ఒడ్డున చచ్చిపోయిన పెద్ద తాబేళ్లు కూడా కనిపిస్తాయి, వలల్లో చిక్కి ఊపిరాడక చచ్చినవి. "ఎందుకు చచ్చింది" అని అడిగితే నేను మాట మార్చేశాను.

హైదరాబాద్‌లో_సిక్కోలోడు:
చూశారా, ఇదే పద్ధతిగా చేసి టికెట్ పెడితే ఎంతమందికి పని. కానీ మనవాళ్లకి ఏది చేద్దామన్నా భయం. మీలాంటివాళ్ల వల్లే జిల్లా ఇలా ఉంది నౌపడ గారూ, ఏమీ అనుకోకండి.

నౌపడ_ఉప్పు:
అనుకుంతాను. ఎందుకనుకోను. నువ్వు ఏడాదికి రెండుసార్లొచ్చి ఫోటో తీసుకుని ఎలిపోతావు, మేం ఏడాదిలో ఆరు నెల్లు ఆ రెట్ట కింద ఉంతాం. ఇంటి ముందు చింతచెట్టు నిండా గూళ్లు, కింద కుళ్లిన సేపల కంపు, బట్టలారీసుకోడానికి నేదు, కొత్త కోడలొస్తే ముక్కు మూసుకునీది. అయినా ఆ చెట్టు మీద కత్తి పెట్టలేదు మా తాత, మా నాన్న. మా అమ్మ గూట్లోంచి పడ్డ పిల్లని గంపలో బెట్టి సేపలేసి పెంచింది. పురిటికొచ్చిన ఆడపిల్లలని అంతాం మేం వాటిని, పురిటికొచ్చిన పిల్లని చూడ్డానికి టికెట్టెడతావా నువ్వు. 2018లో తిత్లీ తుపానుకి మా చెట్టు కూలిపోనాది, కరెంటు నేదు, నీళ్లు నేదు, అప్పుడు నీ కాటేజీలోళ్లు ఎవరూ రానేదు. పక్షులు మాత్రం వచ్చాయి, ఉన్న చెట్లమీదే ఇరుకుగా పెట్టుకున్నాయి. పక్షులైనా ఏటా వస్తాయి బాబూ, నువ్వు మొన్న సంకురాత్రికే రానేదట.

కాశీబుగ్గ_కాజు:
ఇద్దరూ ఒకరికొకరు తెలుసా ఏంటి

హైదరాబాద్‌లో_సిక్కోలోడు:
నేనెవరో తెలిసే మాట్లాడుతున్నావని ఇప్పుడర్థమైంది. సరే. రాలేదు. ఎందుకు రావాలి? మా నాన్న ఉప్పుమడుల్లో కూలి చేసి కాళ్లు పగిలి, ఆ పగుళ్లలో ఉప్పు దిగి రాత్రంతా కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చునేవాడు. ఊళ్లో పనుంటే మా అన్న చెన్నై వెళ్లి బిల్డింగులెక్కేవాడా, నేను ఇక్కడ పదో అంతస్తులో ఉండేవాణ్నా. అమ్మ పోయినప్పుడు పలాసలో రైలు దిగి ఇంటికొచ్చేసరికి అంతా అయిపోయింది. నాకు బోటింగ్ మీద సరదా లేదు. ఊళ్లో నలుగురు కుర్రాళ్లకి జీతం వచ్చే పని ఒక్కటి కావాలి, అది హోటల్ అయినా సరే, పోర్టు అయినా సరే. నీకు పక్షులు ఆడపిల్లలు, మా వాడలోంచి వలస పోయిన మగపిల్లలెంతమందో లెక్కపెట్టావా ఎప్పుడైనా.

గూడబాతు22:
పోర్టు సంగతి వేరే త్రెడ్‌లో మాట్లాడుకుందాం, ఇక్కడ

నౌపడ_ఉప్పు:
ఇక్కడే మాట్లాడదాం. పని నాకూ కావాలి. నా కొడుకు ఇంటర్ అయిపోయి ఖాళీగా ఉన్నాడు, 2023లో మూలపేట పోర్టుకి శంకుస్థాపనైన కాడ్నించి ఉద్యోగం వస్తదనీసి అటే సూస్తన్నాడు, నాను ఒద్దననేదు. కానీ ఒకటి గుర్తుంచుకో. కాకరాపల్లిలో థర్మల్ కరెంటు ప్లాంటు వద్దని బీల కోసం దీక్షలో కూకున్నప్పుడు, 2011లో పోలీసు కాల్పులైనప్పుడు, పోయినోళ్లు పక్షుల కోసం పోనేదు, చేపల కోసం, పొలం కోసం. అదే బీలలో పక్షి మేత, మనిషి మేత. బీల ఉంటే రెండూ ఉంటాయి. అది తీసీసి పది కుర్రోళ్లకి వాచ్‌మెన్ పనిస్తే లెక్క తేలద్దా? నీకు కోపం రావడం తప్పు కాదు, మీ నాన్న కాళ్లు నేను సూసినాను. మా నాన్నవీ అలాంటివే.

హైదరాబాద్‌లో_సిక్కోలోడు:
లెక్క తేలదని నాకూ తెలుసు. కానీ బీల ఉన్నప్పుడు కూడా మేం వెళ్లిపోయాం కదా. దానికి నీ దగ్గర జవాబు లేదు.

నౌపడ_ఉప్పు:
నేదు.

మధురవాడ_మాస్టారు:
నాయనలారా, మీరిద్దరూ ఫోన్‌లో మాట్లాడుకోండి. నేను ఒక్కటే అంటాను, కాటేజీలు వద్దు, పోర్టు మీ ఇష్టం, నాలుగు బాత్రూములు కట్టి తాళంచెవి ఊళ్లో ఒక ఆడమనిషికిచ్చి నెలకింతని జీతమిస్తే ఒకరికి పనీ దొరికింది, మా ఆవిడ లాంటివాళ్లకి పరువూ దక్కింది. దీనికి ఎవరికైనా అభ్యంతరమా?

కాశీబుగ్గ_కాజు:
మొత్తం త్రెడ్‌లో పనికొచ్చే మాట ఇదొక్కటే

నౌపడ_ఉప్పు:
ఒప్పుకుంతాను మాస్టారూ. అప్పా, మీరు ఎప్పుడొస్తారో ఇక్కడ రాయండి, వాచ్ టవర్ కాడ నిలబడతాను. అత్తగారిని మా ఇంట్లో కూకోబెడదాం.

(పన్నెండు రోజుల తర్వాత)

బొబ్బిలి_కోడలు:
వెళ్లొచ్చామండీ! మొదట ఉప్పు గారికీ వాళ్లావిడకీ థాంక్స్, అత్తగారు వాళ్ల అరుగు మీదే మూడు గంటలు కూర్చుని ఆవిడతో బంధుత్వాలు తవ్వుకున్నారు, బొబ్బిలిలో ఎవరో కలిశారు కూడా. వాసన ఉంది, దాచను. మావాడు కారులో ఒకసారి, అక్కడ ఒకసారి వాంతి చేసుకున్నాడు. కానీ గూడబాతు పిల్ల తల్లి గొంతులోకి తల దూర్చడం చూసి "అమ్మా అది తినేసింది" అని గట్టిగా అరిచాడు, అరవకూడదని చెప్పినా ఆగలేదు, సారీ. పాప నలభై ఏడు లెక్కపెట్టింది, మా ఆయన అరవై అంటున్నారు, ఇంకా తేలలేదు. వాష్‌రూమ్‌కి తాళమే ఉంది. స్కూల్లో పాప దీని మీద ప్రాజెక్ట్ రాసింది, ఇవి మన దేశం పక్షులేనని. టీచర్ కొట్టేసి సైబీరియా అని రాయించారు.

గూడబాతు22:
ఏ స్కూలండీ? ఇన్‌బాక్స్‌లో పెట్టండి.