సమస్య: కాలు కదపకుండ గడప దాటె

సంచాలకులు: ఈ పాదం రెండు రోజులుగా నాలుక మీదే ఆడుతోంది. ఇంటికి దూరంగా ఉండేవాళ్ళ చేతి ఆటపెట్టె (చేత్తో పట్టుకుని ఆడే వీడియోగేమ్ యంత్రం) మీదే పూరించాలి. దయ్యాల పూరణలు వద్దు, పోయినసారే బోలెడు వచ్చాయి.

తీగమల్లె:
మీట నొక్కినంత మెరుపుతీగెల వెంట
కడలి దాటిపోయి కబురు చేరె
ఆటలోన వీరుడావల దరిజేరి
కాలు కదపకుండ గడప దాటె

గణవిభజన: "వీరుడావల"లో దాగిన ఆ-కారంతో యతి, భేష్. "నొక్కినంత" మాత్రం ఒప్పుకోను. ఇంటర్నెట్ కబురు మోసే గాజుతీగలో (ఆప్టికల్ ఫైబరు) వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లే నడుస్తుంది. 10,000 కిలోమీటర్లకు పోను 50, రాను 50 మిల్లీసెకన్లు, అదీ తీగ తిన్నగా ఉంటే. సెకనుకు 60 ఫ్రేముల (తెరమీద మారే బొమ్మల) ఆటలో ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు. అంటే అవతలి జవాబు కనబడేసరికి 6 ఫ్రేములు పోయాయి. వంతులవారీ ఆటకు పరవాలేదు, కుస్తీ ఆటలో ఆ ఆరింటిలోనే దెబ్బ పడుతుంది. వైఫై అయితే ఆ ఆలస్యం ఒక్కతీరుగా కూడా ఉండదు, ఆటపెట్టెను డాక్ అనే పీఠంలో పెట్టి ల్యాన్ తీగ గుచ్చాల్సిందే. నా సవరణ: "మీట నొక్కినాక మెల్లగా నొక లిప్త".

తీగమల్లె: రోల్‌బ్యాక్ ఉన్న ఆటలో మన మీట మన తెరమీద ఆగదండీ. అవతలివారి మీటను ముందే ఊహించి ఆడిస్తుంది, ఊహ తప్పితే వెనక్కి వెళ్ళి దిద్దుతుంది.

గణవిభజన: "కబురు చేరె" అన్నది మీరే. ఊహించడం వేరు, చేరడం వేరు.

మిణుగురు:
సంచిలోన నున్న సత్తువ పెట్టెకు
హద్దు వాట్ల గంటలందు నూరు
వేలు ముప్పదైన వెంటనే యెగబాకి
కాలు కదపకుండ గడప దాటె

సంచాలకులు: గడపను విమానంలో పవర్‌బ్యాంకుకున్న పరిమితి చేశారు! ఈ విరుపు నాకు తట్టనే లేదు. పవర్‌బ్యాంకుకు "సత్తువ పెట్టె" ఇంకా నచ్చింది.

గణవిభజన: లెక్కా సరే. 30,000 ఎంఏహెచ్‌ను (మిల్లీఆంపియర్-గంటలను) లోపలి సెల్లు 3.7 వోల్టులతో గుణించి వెయ్యితో భాగిస్తే 111 వాట్-గంటలు. నూరు దాటితే విమానసంస్థ అనుమతి కావాలి, 27,000 అయితే 99.9తో బయటపడుతుంది. ఎంత చిన్నదైనా చేతిసంచిలోనే, లగేజీలో వేయకూడదు. ఒక లోపం: సత్తువ ఎంతుందో చెప్పారు గానీ ఎంత వేగంగా ఇస్తుందో చెప్పలేదు. స్టీమ్ డెక్ అనే ఆటపెట్టెకు 45 వాట్ల చార్జరు ఇస్తారు. 5 వోల్టులు, 2 ఆంపియర్లు మాత్రమే ఇచ్చే పెట్టె తగిలిస్తే 10 వాట్లే. బరువైన ఆట నడుస్తుంటే చార్జి ఎక్కకపోగా దిగుతుంది.

పాతచిలుక: మిణుగురు గారు ఈసారైనా సత్తువ లెక్క సరిగ్గా వేశారు, సంతోషం. పోయిన నెల పూరణలో 1989 నాటి ఆటపెట్టె గేమ్ బాయ్ "చీకట మెరిసె" అన్నారు. దాని తెరకు వెనక దీపమేదీ? నాలుగు డబుల్-ఏ సెల్లులు వేసినా వీధిదీపం కిందికి పోవాల్సిందే.

మిణుగురు: 1998లో జపానులో వచ్చిన గేమ్ బాయ్ లైట్‌కు ఉంది.

పాతచిలుక: పద్యంలో "లైట్" లేదు కదా! సరే, నా పూరణ, ఇంట్లో సొరుగులో వదిలివచ్చిన పాత క్యాట్రిడ్జి (ఆట ఉండే డబ్బీ, దాచిన ఆటను నిలిపేది అందులోని బిళ్ళసెల్లే) మీద:

బిళ్ళసెల్లు సత్తువెండిపోయిన రోజు
దాచుకొన్న గెలుపు తరలిపోయె
మూత తీయలేదు, ముట్టలేదెవ్వరు
కాలు కదపకుండ గడప దాటె

తీగమల్లె: మూడో పాదం చదివి చాలాసేపు ఆగిపోయాను.

మిణుగురు: నేనూ ఆగాను, మొదటి పాదం దగ్గర. సత్తువ + ఎండి. అక్కడ ప్రధానం ఎ-కారం, వ-కారం కాదు. "బి"కి యతి ఎక్కడ?

సంచాలకులు: మిణుగురు గారి మాట నిజం. యతి తప్పింది. భావం మాత్రం ఈవారానికి ఇదే మేటి.

పాతచిలుక: ఒప్పుకుంటున్నాను. "బిళ్ళసెల్లు శక్తి వీడిపోయిన రోజు".

గణవిభజన: ఇప్పుడు నిర్దోషం. ఆ సెల్లు ఇంకా బతికుండగా మార్చాలనుకునేవారికి: సెల్లు ఊడదీసిన క్షణమే దాచిన ఆట చెరిగిపోతుంది. ముందు క్యాట్రిడ్జి రీడరుతో సేవ్ ఫైలును కంప్యూటరుకు ఎక్కించండి. విప్పడానికి 3.8 మిల్లీమీటర్ల గేమ్‌బిట్ అనే ప్రత్యేక స్క్రూడ్రైవరు కావాలి, మామూలు స్క్రూడ్రైవరుతో స్క్రూ తల అరిగిపోతుంది. పాత సెల్లు మీది సంఖ్య చూసి, సీఆర్2025 అయితే అదే, రేకులు అతికి వచ్చినది కొనండి. ఉత్త బిళ్ళకు నేరుగా టంకం పెడితే వేడికి సెల్లు దెబ్బతింటుంది, పగలవచ్చు కూడా.

మిణుగురు: ధన ఋణాలు తారుమారు కాకుండా ముందే ఒక ఫోటో తీసుకోవాలి. పాతచిలుక గారూ, "ముట్టలేదెవ్వరు" మాత్రం నేను రాసి ఉండాల్సింది.