కిన్షాసాలో ఆడపిల్లలు ఆడే న్జాంగో రూల్స్ ఎవరైనా చెప్తారా?

అందరికీ నమస్తే అండి. మా ఆయన ఉద్యోగం వల్ల కాంగో వచ్చి ఆర్నెల్లయింది, కిన్షాసాలో ఉంటున్నాం. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే ప్రాణం, వీటా క్లబ్‌కీ మొతెమా పెంబేకీ మ్యాచ్ ఉందంటే వీధంతా అదే మాట. 1974లో దేశం పేరు జైర్‌గా ఉన్నప్పుడు వరల్డ్ కప్‌కి వెళ్ళారు, అదే ఏడాది అలీ, ఫోర్‌మన్ బాక్సింగ్ కూడా ఈ ఊళ్ళోనే జరిగింది, పక్కింటి పెద్దాయన ఆ రెండూ చెప్తుంటే ఎంతసేపైనా వినాలనిపిస్తుంది.

నాకు అర్థం కానిది న్జాంగో. రెండు టీములు ఎదురెదురుగా వరసగా నిలబడి పాడతారు, చప్పట్లు కొడతారు, అటునుంచి ఒకమ్మాయి ఇటునుంచి ఒకమ్మాయి వచ్చి గెంతుతూ ఠక్కున ఒక కాలు ముందుకి పెడతారు, అంతే పాయింట్ అయిపోయిందంటారు! ఎదురెదురు కాళ్ళు కలిస్తే ఒక టీముకి, కలవకపోతే ఇంకో టీముకి అని అర్థమైంది కానీ అది అద్దంలో చూసినట్టు లెక్కా, లేక ఇద్దరూ కుడికాలే పెట్టాలా? ఏ టీముకి ఏదో ముందే ఎలా తేల్చుకుంటారు?

మా పాపకి తొమ్మిదేళ్ళు, రోజూ సాయంత్రం వాళ్ళతో కలుస్తుంది, ఇంకా ఫ్రెంచ్, లింగాలా రావు, కాలు తప్పుపెట్టి ఔటై బిక్కమొహంతో వస్తుంటే మనసు ఆగట్లేదు. నేనే నేర్చుకుని ఇంట్లో ప్రాక్టీస్ చేయిద్దామని. ఇక్కడ గానీ నది అవతలి ఊరు బ్రజ్జావిల్‌లో గానీ ఉన్నవాళ్ళు, ఆడినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి ప్లీజ్.