కొంగ ఫోటో: మొహమాటం లేకుండా చెప్పండి

నీటిఅంచు:
తెల్ల కొంగ నీళ్ల మీంచి లేస్తుండగా తీశాను. 400 ఎం.ఎం. లెన్స్, షట్టర్ 1/2000, ఎఫ్/6.3, ఐఎస్ఓ ఆటోలో 1600 పడింది. రా ఫైలే, అంటే కెమెరా ఏమీ సర్దకుండా ఇచ్చిన ముడి ఫైలు. మూడు సందేహాలున్నాయి. వీపు మీద ఈకల గీతలు లేవు, తెల్లటి ముద్దలా ఉంది. కుడి రెక్క చివర ఏదో వంపు తిరిగినట్టుంది, మామూలుగా రెక్క అలా వంగదు. కుడివైపు రెల్లు పొదలు ఉండేవి, క్రాప్ చేసి తీసేశాను, ఉంచాల్సిందా? 'సూపర్', 'అదుర్స్' మాత్రం వద్దు. అవి ఇంట్లోవాళ్లు చెప్పేశారు.

ఫోన్‌చాలు:
సూపర్ అండీ.

తెల్లారగట్ల:
తెల్లటి వస్తువు తీసేటప్పుడు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా లెక్కకట్టిన వెలుగుని మనం పెంచడం, తగ్గించడం) ప్లస్ 1 పెట్టుకోవాలి. ఇది అందరికీ తెలిసిందే. కెమెరా దేన్ని చూసినా బూడిద రంగు అనుకుంటుంది, తెలుపుని మురికి చేసేస్తుంది. మీరు ప్లస్ ఇవ్వలేదేమో.

చీకటిగది:
తెల్లారగట్ల గారూ, ఆ పాఠం మీరు సగం చదివి వదిలేసినట్టున్నారు. ఫ్రేమంతా మంచో తెల్లగోడో నిండి ఉంటే ప్లస్. ఇక్కడ కొంగ ఎంత? ఫ్రేములో పదో వంతు కూడా లేదు, మిగతాదంతా నల్లటి నీళ్లు. కెమెరాలో వెలుగు కొలిచే మీటరు ఆ నీళ్లని చూసి 'అబ్బో చీకటి' అనుకుని వెలుగు పెంచేసింది, కొంగ కాలిపోయింది. ఇక్కడ మైనస్ 1 ఇవ్వాలి, ఎండ నేరుగా పడుతుంటే ఇంకా ఎక్కువే. ఆయన మీ సలహా విని ప్లస్ ఇచ్చుంటే కొంగ ఆకారంలో ఒక కన్నం మిగిలేది.

ఇంకోటి. కెమెరా వెనక కనిపించే హిస్టోగ్రామ్, అంటే వెలుగునీడల గ్రాఫు, కెమెరా తయారుచేసిన జేపెగ్‌ది. మీరు రా తీసినా అంతే. అందుకే అక్కడ 'క్లిప్ అయింది' (తెలుపు కాలిపోయింది) అని మెరిసినా రాలో కాస్త మిగిలే ఉంటుంది. హైలైట్స్ (బాగా వెలుగున్న భాగాలు) బాగా కిందికి లాగి చూడండి. ఈకలు తేలితే బతికినట్టే. చప్పటి బూడిద పూత వస్తే ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు చానళ్లూ నిండిపోయాయన్నమాట, ఇక అక్కడ ఏమీ లేదు.

రెండోకన్ను:
క్రాప్ చేశానని మీరే చెప్పారు కాబట్టి సూటిగా చెప్తాను. ఇది మీరు తీసిన ఫోటో కాదు, తీశాక కోసుకున్న ముక్క. ఫ్రేము కెమెరాలోనే కట్టాలి. ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ కార్టియే బ్రెస్సన్ జీవితాంతం క్రాప్ చేయనివ్వలేదు, నెగెటివ్ అంచుతో సహా ప్రింట్ చేయించేవాడు. ఇప్పుడు అందరూ దూరం నుంచి టకటకా వంద కొట్టి, ఇంటికొచ్చి కత్తిరించుకోవడమే.

ఒడ్డునేఉంటా:
వచ్చారండీ బ్రెస్సన్ గారి వారసులు! 1932లో పారిస్ సెయింట్ లజార్ స్టేషన్ వెనక నీటి మడుగు దూకుతున్న మనిషి ఫోటో ఉంది కదా, ఆయన పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది? అది క్రాప్ చేసిందే. కంచె సందులోంచి తీశాడు, ఎడమ పక్క చెక్క అడ్డొస్తే కోసేశారు.

పక్షుల ఫోటోలు ఎప్పుడైనా తీశారా మీరు? కొంగని 'అమ్మా, కొంచెం ఎడమకి జరుగు' అని అడగలేం. రెక్కలు పూర్తిగా విప్పుతుందనే చుట్టూ చోటు వదిలి తీస్తాం. బిగించి తీస్తే రెక్క చివర ఫ్రేము బయట ఉంటుంది. అప్పుడు మళ్లీ మీలాంటివాళ్లే వచ్చి 'రెక్క తెగింది' అంటారు. నా గుడ్లగూబ ఫోటో కింద అచ్చం అదే రాశారు, నాకు బాగా గుర్తుంది.

రెండోకన్ను:
ఆయన క్రాప్ చేసింది వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. మినహాయింపు చూపించి నియమం లేదనడం పాత అలవాటే. మీ గుడ్లగూబకి రెక్క నిజంగానే తెగింది.

ఒడ్డునేఉంటా:
నియమం ఎవరు పెట్టారు? ఆయన తన పనికి తను పెట్టుకున్నాడు. మీరు దాన్ని మా మెడకి కడుతున్నారు.

చీకటిగది:
డిజిటల్‌లో పుట్టినవాళ్లే ఇలా కొట్టుకుంటారు. ఫిల్ము నుంచి ప్రింట్లు వేసే ఎన్‌లార్జర్ కింద నిలబడినవాడికి ఇది ప్రశ్నే కాదు. ప్రింట్ కాగితాన్ని పట్టి ఉంచే ఈజెల్ బ్లేడు కొంచెం జరిపితే అదే క్రాప్, అందరూ జరిపేవాళ్లే. అమెరికా ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941లో తీసిన హెర్నాండెజ్ చంద్రోదయం ఉంది, మామూలుగా ప్రింట్ చేస్తే ఆకాశం పాలిపోయి, మబ్బులు కనిపిస్తూ ఉంటుంది. ఆయన తర్వాత్తర్వాత వేసిన ప్రింట్లలో ఆకాశం దాదాపు నలుపు. డార్క్‌రూమ్‌లో చేత్తో అంత మార్చినవాణ్ణి గురువంటాం, క్రాప్ టూల్ వాడినవాణ్ణి దొంగంటాం. నేను ఫైబర్ పేపర్ మీద ఎన్ని ప్రింట్లు వేశానో చెప్తే ఇక్కడ సగం మంది...

ఫోన్‌చాలు:
చెప్పకండి సార్, పోయినసారి చెప్పారు.

లెక్కలపంతులు:
కొట్లాట సరే, అసలు లెక్క ఎవరూ చూడరేం? 24 మెగాపిక్సెల్ కెమెరా అంటే 6000 బై 4000. రెండు వైపులా సగానికి కోస్తే మిగిలేది 3000 బై 2000, అంటే 6 మెగాపిక్సెల్. సగం కాదు, నాలుగో వంతు. అంగుళానికి 300 చుక్కల చొప్పున ప్రింట్ చేస్తే 10 అంగుళాల వెడల్పు వస్తుంది. ఫోన్‌లో చూసుకోవడానికి దివ్యంగా సరిపోతుంది, గోడకి పెద్దది కావాలంటేనే ఇబ్బంది. నీటిఅంచు గారు ఎంత కోశారో చెప్పనేలేదు, ఇక్కడ యుద్ధం మొదలైపోయింది.

రెండోకన్ను:
పిక్సెళ్ల గొడవ కాదండీ. 400తో తీసి కోస్తే 800 లెన్స్ ఇచ్చే కంప్రెషన్ రాదు. వెనకున్న చెట్లు పక్షి దగ్గరికి వచ్చినట్టు కనిపించాలంటే పెద్ద లెన్సే కావాలి.

లెక్కలపంతులు:
పూర్తిగా తప్పు. ముందున్నది, వెనకున్నది ఒకదానికొకటి ఎంత పెద్దగా కనబడతాయన్నది మీరు నిలబడిన చోటుని బట్టి ఉంటుంది, లెన్స్‌ని బట్టి కాదు. ఒకే చోట నిలబడి 400తో ఒకటి, 800తో ఒకటి తీయండి. మొదటిదాన్ని సగానికి కోసి రెండోదాని మీద పెట్టండి. చెట్టు మీద చెట్టు, కొంగ మీద కొంగ సరిగ్గా కూర్చుంటాయి. తేడా వచ్చేది బ్లర్‌లోనూ నాయిస్‌లోనూ. ఎఫ్/6.3లో తీసి సగానికి కోస్తే, బ్లర్ వరకు 800 లెన్స్ మీద ఎఫ్/13కి దగ్గర్లో తీసినట్టు. బ్యాక్‌గ్రౌండ్ కరగలేదని బాధపడితే ఒప్పుకుంటా, కంప్రెషన్ అంటే ఒప్పుకోను.

రెండోకన్ను:
మీరు పుస్తకాల్లో చదివి చెప్తున్నారు. నేను కళ్లతో చూశాను.

లెక్కలపంతులు:
నేను చెప్పింది కూడా కళ్లతో చూసేదే. ఇంట్లో కుర్చీ వెనక కుర్చీ పెట్టి తీసి చూడండి. మధ్యలో మీరు మాత్రం కదలకండి, అందరూ జూమ్ చేస్తూ వెనక్కి నడుస్తారు, అక్కడే వస్తుంది చిక్కంతా.

తెల్లారగట్ల:
నీటిఅంచు గారూ, మీ ఫోటో డౌన్‌లోడ్ చేసి కొంచెం బాగుచేశాను, కింద పెట్టాను. హైలైట్స్ తగ్గించి, నీళ్లకి నీలం కలిపి, కుడివైపు ఖాళీ ఎక్కువైందని ఇంకొంచెం కోశాను. ఇప్పుడు ప్రాణం వచ్చింది చూడండి.

నీటిఅంచు:
అడక్కుండా ఎందుకు చేశారండీ? పైగా మీ వాటర్‌మార్క్ కూడా పడింది దాని మీద. నీళ్లు ఆ పొద్దున అసలు నీలంగా లేవు, మబ్బు పట్టి సీసం రంగులో ఉన్నాయి. ఆ రంగు కోసమే తీశాను. కొంగ ఎగిరేదే కుడివైపుకి, ఆ చోటు కూడా కోసేస్తే అది అంచుకి గుద్దుకునేలా ఉంది. దయచేసి తీసేయండి.

తెల్లారగట్ల:
వాటర్‌మార్క్ ఎక్స్‌పోర్ట్‌లో దానంతట అదే పడుతుంది, దానికింత రాద్ధాంతమా? మంచికి పోతే చెడు ఎదురైంది. తీసేశాను.

ఒడ్డునేఉంటా:
అడిగి చేస్తే ఎవరూ ఏమీ అనరు. 'షాడోలు కొంచెం లేపి చూడండి' అని రాస్తే సరిపోయేది. నా ఫోటోని ఎవరో ఇలాగే 'బాగుచేసి' తమ పేజీలో పెట్టుకుంటే, చివరికి నన్నే 'ఎక్కణ్ణుంచి కాపీ కొట్టారు' అని అడిగారు. అప్పట్నుంచి పెద్ద సైజులో పెట్టడం మానేశాను.

నీటిఅంచు:
క్రాప్ గురించి ఇంత చర్చ జరిగింది కాబట్టి చెప్తున్నా, నేను కోసింది కుడివైపు ఒక్క అంచే. రెక్క వంపు సంగతి ఎవరూ చెప్పలేదు.

సగంతెర:
ఎలక్ట్రానిక్ షట్టర్ వాడారా? సైలెంట్ మోడ్ అని ఉంటుంది. అందులో సెన్సర్ మొత్తాన్ని ఒకేసారి చదవదు, పైనుంచి కిందికి వరస వరసగా చదువుతుంది. రెక్క వేగంగా ఊపుతుంటే పై వరస చదివేటప్పుడు ఒక చోట, కింది వరసకి వచ్చేసరికి ఇంకో చోట ఉంటుంది. అందుకే వంగినట్టు కనిపిస్తుంది. షట్టర్ 1/2000 పెట్టినా లాభం లేదు, చదవడానికి పట్టే టైమ్ వేరే. మెకానికల్‌కి మార్చండి, పోతుంది.

నీటిఅంచు:
అవును, సైలెంట్‌లోనే ఉంది! చప్పుడుకి బెదురుతాయని పెట్టాను.

కొత్తబ్యాటరీ:
సగంతెర గారూ, నాదీ అదే సమస్యేమో చూడండి. స్టేజి మీద డాన్స్ తీస్తే ఫోటో అంతా అడ్డంగా నల్ల చారలు. నిర్వాహకులు నా కెమెరా పాడైందన్నారు, ఇంకోసారి పిలవలేదు కూడా.

సగంతెర:
కెమెరా శుభ్రంగా ఉంది. అది ఎల్‌ఈడీ లైట్ల పని. 50 హెర్ట్జ్ కరెంటు మీద నడిచే లైటు చాలాసార్లు సెకనుకి 100 సార్లు మిణుకుతుంది. మెకానికల్ షట్టర్‌కి మారి 1/100 పెట్టండి. డాన్స్‌కి అది నిదానమే, చేతులు కదిలిపోతాయి. అందుకని కెమెరాలో యాంటీ ఫ్లికర్ ఉంటే ఆన్ చేసి స్పీడ్ పెంచుకోండి. కొన్ని స్టేజి లైట్లు వేరే లెక్కలో మిణుకుతాయి, వాటికి అక్కడికక్కడ స్పీడ్ మార్చుకుంటూ చూడాల్సిందే.

చీకటిగది:
ఫిల్ముకి ఈ రోగాలు లేవు.

లెక్కలపంతులు:
ఫిల్ముకీ ఫోకల్ ప్లేన్ షట్టర్ (ఫిల్ము ముందు చీలికలా జరిగే తెర) ఉంటే వంపు వచ్చేది సార్. పాత రేసు కార్ల ఫోటోల్లో చక్రాలు కోడిగుడ్లలా ముందుకి వాలి ఉంటాయి, చూడలేదా?

ఫోన్‌చాలు:
అందరూ ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. మా అన్నయ్య కెమెరాతో తీసిన ఫోటోలు లాప్‌టాప్‌లో ధగధగలాడుతున్నాయి, ఎక్కడైనా పెడితే రంగులు చచ్చిపోతున్నాయి. నా ఫోన్ ఫోటోలు బానే ఉంటున్నాయి మరి.

ఒడ్డునేఉంటా:
ఎక్స్‌పోర్ట్‌లో కలర్ స్పేస్ (రంగుల పరిధి) అడోబ్ ఆర్‌జీబీ అని ఉందేమో చూడమనండి. ఆ ప్రొఫైల్‌ని పట్టించుకోని చోట పెడితే రంగులు పాలిపోతాయి. ఎస్‌ఆర్‌జీబీకి మార్చి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేస్తే సరి.

ఫోన్‌చాలు:
అదే ఉంది! చెప్తే, కావాలనే అలా పెట్టానంటున్నాడు. ఎవడో ఎక్స్‌పర్ట్ చెప్పాడట.

రెండోకన్ను:
చెప్పింది నేనే. అది ప్రింట్‌కి పంపేవాళ్లకి చెప్పాను.