పరవాడ ఫార్మా సిటీలో క్యూసీ ట్రైనీగా సోమవారం జాయినింగ్, ముందు ఏం తెలుసుకోవాలి?

కెమిస్ట్రీ_పిల్ల

అందరికీ నమస్తే. మాది నరసన్నపేట దగ్గర పల్లెటూరు. ఈ ఏడాదే బీఎస్సీ కెమిస్ట్రీ అయింది, కాలేజీకి వచ్చిన కంపెనీ వాళ్లు ఇంటర్వ్యూ చేసి విశాఖ దగ్గర పరవాడ ఫార్మా సిటీలో క్యూసీ (క్వాలిటీ కంట్రోల్, అంటే మందుల నాణ్యత పరీక్షించే విభాగం) ట్రైనీగా తీసుకున్నారు. మా ఇంట్లో కంపెనీ ఉద్యోగం చేసినవాళ్లు లేరు, నాన్నది వ్యవసాయం, అన్నయ్య ఆటో నడుపుతాడు, అందుకే ఇక్కడ అడుగుతున్నా. మందులో ఏది ఎంత ఉందో తేల్చే హెచ్‌పీఎల్‌సీ మెషీన్ అంటే పరీక్షలో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకోవడమే తప్ప దాన్ని కంటితో చూడలేదు. మొదటి రోజే చెయ్యమంటే ఏం చెయ్యాలి? ఆఫర్ లెటర్‌లో ఏడాదికి 2.4 లక్షలని ఉంది, నెలకు 20 వేలు వస్తాయని ఇంట్లో చెప్పేశా, ఫ్రెండేమో అంత రాదంటోంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు తెమ్మన్నారు, ఇచ్చెయ్యొచ్చా? అన్నిటికన్నా పెద్ద సమస్య, టీవీలో ప్రమాదాల వార్తలు చూసి నాన్న వద్దంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు, కాస్త చెప్పండి.

ఎనిమిదేళ్ల క్యూసీ

చెల్లీ, మొదటి రోజు హెచ్‌పీఎల్‌సీ నీ చేతికి ఇవ్వరు, బతిమాలినా ఇవ్వరు. ఇండక్షన్ అయ్యాక వారం పది రోజులు నీ పని ఎస్‌ఓపీలు (ఏ పని ఎలా చెయ్యాలో రాసి ఉండే పత్రాలు) చదవడం, చదివినట్టు సంతకం పెట్టడం, అంతే. క్యాంటీన్‌లో అన్నం తిని వచ్చి ఏసీలో కూర్చుని అవి చదువుతుంటే ముంచుకొచ్చే నిద్ర అంతా ఇంతా కాదు, సిగ్గుపడకు, అందరికీ వచ్చిందే. కానీ చదవకుండా మాత్రం సంతకం పెట్టకు, ఆడిట్‌కు వచ్చినవాళ్లు ట్రైనింగ్ ఫైల్ తీసి, సంతకం ఎవరిదో వాళ్లనే పిలిచి అడుగుతారు.

తర్వాత సీనియర్ పక్కన నిలబడి చూడటం, బఫర్లు (పీహెచ్ మారకుండా ఉంచే ద్రావణాలు) కలపడం, పీహెచ్ మీటర్, బ్యాలెన్స్ రోజూ చెక్ చెయ్యడం. ఆపైన అనలిస్ట్ క్వాలిఫికేషన్ అని ఒకటుంటుంది, సీనియర్ ఇప్పటికే చేసి రిజల్ట్ ఇచ్చిన శాంపిల్‌నే నీతో మళ్లీ చేయిస్తారు, రెండు రిజల్ట్‌ల మధ్య తేడా లిమిట్‌లో ఉంటేనే ఆ టెస్ట్ నీకు ఇస్తారు. అది అయ్యేసరికి కొందరికి రెండు నెలలు, కొందరికి మూడు. కాబట్టి మెషీన్ రాదని భయం వద్దు, నేర్పుతారు.

ఎవరూ ఓపిగ్గా నేర్పనిది రాయడం. చేసిన పని చేసిన క్షణంలోనే, ఇచ్చిన వర్క్‌షీట్‌లోనే, పెన్నుతోనే రాయాలి. తప్పు రాస్తే అడ్డంగా ఒక్క గీత, పక్కన సంతకం, తేదీ, కారణం. వైట్‌నర్, దిద్దడం అనే మాటలే లేవు. నేను జాయిన్ అయిన రెండో నెలలో తూకం వేసి, తర్వాత తీరిగ్గా ఎక్కిద్దామని ఆ అంకె గ్లౌజు మీద రాసుకున్నా. సెక్షన్ హెడ్ చూశారు. తిట్టలేదు, గ్లౌజు తీయించి కవర్‌లో పెట్టించి, డీవియేషన్, అంటే పద్ధతి తప్పినందుకు రాసే రిపోర్టు, మూడు పేజీలు నాతోనే రాయించారు. తిట్టినా బాగుండేది అనిపించింది.

ఇంకోటి, రిజల్ట్ లిమిట్ దాటితే కొత్తవాళ్లు బెదిరిపోయి సొల్యూషన్ పారబోసి గుట్టుగా మళ్లీ మొదలెడతారు. ఉద్యోగం పోయేది ఆ పనికి, రిజల్ట్ ఫెయిలైనందుకు కాదు. ఫ్లాస్కులు, వయల్స్ (శాంపిల్ పోసే చిన్న సీసాలు) ఎక్కడివక్కడ ఉంచి సీనియర్‌ని పిలువు, ఓఓఎస్ ఇన్వెస్టిగేషన్‌లో, అంటే లిమిట్ దాటిన రిజల్ట్ మీద చేసే విచారణలో, ముందు చూసేది వాటినే. నువ్వు సాఫ్ట్‌వేర్‌లో ఏం నొక్కినా ఆడిట్ ట్రయల్ అనే రికార్డులో టైముతో సహా ఉంటుంది. అందుకే పక్కవాడు ఎంత మంచివాడైనా, "ఒక్క ఇంజెక్షన్ పెట్టుకుంటా, నీ లాగిన్ ఇవ్వు" అంటే ఇవ్వకు (ఇంజెక్షన్ అంటే ఇక్కడ మెషీన్‌లోకి శాంపిల్ ఎక్కించడం).

జీతం చిట్టా

మీ ఫ్రెండ్ చెప్పిందే నిజం. 2.4 లక్షలు సీటీసీ, అంటే కంపెనీ నీ మీద పెట్టే మొత్తం ఖర్చు. ఉదాహరణకు నెలకు బేసిక్ 10,000, గ్రాస్ (కోతలకు ముందు జీతం) 17,750 అనుకుందాం. దాని పైన కంపెనీ కట్టే పీఎఫ్ 12 శాతం 1,200, ఈఎస్‌ఐ 3.25 శాతం 577, గ్రాట్యుటీ కింద 481, అన్నీ కలిపితే ఆ 20 వేలు. ఇక గ్రాస్ నుంచి నీ వాటా పీఎఫ్ ఇంకో 1,200, ఈఎస్‌ఐ 0.75 శాతం అంటే 134, వృత్తి పన్ను 150 పోతే చేతికి 16,200 చిల్లర. క్యాంటీన్‌కో బస్సుకో పట్టుకుంటే ఇంకాస్త తగ్గుతుంది. ఇంట్లో ఇప్పుడే చెప్పెయ్, మొదటి జీతం రోజు చెప్తే బాగోదు. గ్రాట్యుటీ అయితే మామూలుగా ఐదేళ్లు చేస్తే గానీ రాదు, అయినా సీటీసీలో కలిపి చూపిస్తారు, అదో ముచ్చట.

ఆఫర్ లెటర్‌లో ట్రైనీ అని ఉందా, అప్రెంటిస్ అని ఉందా చూసుకో. అప్రెంటిస్‌షిప్ చట్టం కింద తీసుకుంటే వచ్చేది స్టైపెండ్, పీఎఫ్ ఉండదు.

ఆధార్, పాన్, టెన్త్ సర్టిఫికెట్‌లలో పేరు ఒకేలా ఉందో లేదో ఈ వారమే చూసుకో. మనవాళ్లకు ఒకదాంట్లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఇంకోదాంట్లో ఒక్క అక్షరమే ఉంటుంది, పీఎఫ్ నంబర్ తీసుకునేటప్పుడు అక్కడే ఇరుక్కుంటారు. ఈఎస్‌ఐ కార్డులో అమ్మానాన్నల పేర్లు పెట్టించడం మర్చిపోకు, నీ మీద ఆధారపడి ఉంటే వాళ్లకూ వైద్యం ఉంటుంది.

లంకెలపాలెం అక్క

ఒరిజినల్స్ చూపించు, ఇవ్వకు. వాళ్లు సరిచూసుకుని జిరాక్సుల మీద నీ సంతకం తీసుకుంటే చాలు. ఉంచుకుంటామంటే ఏమేం తీసుకున్నారో, ఎప్పుడిస్తారో కాగితం మీద రాసిమ్మను. నేను జాయిన్ అయిన చోట ఏడాది బాండ్ అని డిగ్రీ సర్టిఫికెట్ పెట్టుకున్నారు, మానేశాక దాని కోసం నాలుగు నెలలు తిరిగాను.

రూమ్ తీసుకునే ముందు కంపెనీ బస్సు ఎక్కడెక్కడ ఆగుతుందో అడుగు. కూర్మన్నపాలెం, గాజువాక, లంకెలపాలెం, అనకాపల్లి, చాలామంది ఉండేది ఈ చుట్టుపక్కలే. ఎ షిఫ్ట్ ఆరింటికైతే బస్సు ఐదింటికే వచ్చేస్తుంది, స్టాప్ దగ్గర్లో లేకపోతే చీకట్లో నడవాలి. 500 అద్దె ఎక్కువైనా స్టాప్ పక్కనే తీసుకో. మొదటి జీతం వచ్చేదాకా హాస్టల్‌కీ తిండికీ సరిపడా డబ్బు దగ్గర ఉంచుకో. మనుషుల సంగతంటావా, మొదటి నెల ఎవరితో తినాలో తెలియక దిక్కులు చూస్తావు, తర్వాత వాళ్లే పిలుస్తారు.

సి షిఫ్ట్

క్యూసీ వాళ్లకు ఎప్పుడూ పేపర్ల గోలే. నేను ప్రొడక్షన్, మీ నాన్నగారి భయం గురించి చెప్తా. ఆయన భయపడటం తప్పు కాదు. 2024 ఆగస్టులో అచ్యుతాపురం సెజ్‌లో సాల్వెంట్ (మందుల తయారీలో వాడే, మండే ద్రావకం) లీకై ఎంతమంది పోయారో మనమంతా చూశాం. అది ప్లాంట్, నీది ల్యాబ్, నీ దగ్గర సాల్వెంట్ లీటర్లలో ఉంటుంది, మా దగ్గర వేల లీటర్లు. కానీ ప్రహరీ ఒకటే, కాబట్టి నీకేం కాదులే అని నేను అనను.

మొదటి రోజు సేఫ్టీ ట్రైనింగ్‌లో ఫోన్ తలపులు మాని విను. ప్రమాదమైతే అందరూ చేరాల్సిన చోటు, అసెంబ్లీ పాయింట్, ఎక్కడుందో అడిగి ఒకసారి నడిచి చూడు. బిల్డింగ్ మీద గాలికి ఊగే రంగు గొట్టం గుడ్డ ఉంటుంది, విండ్ సాక్ అంటారు. గ్యాస్ లీకైతే గాలి వెళ్లే వైపు పరుగెత్తకూడదు, దానికి అడ్డంగా పక్కకు తప్పుకోవాలి. ల్యాబ్‌లో ఐ వాష్ (కళ్లు కడుక్కునే కుళాయి) ఎక్కడుందో కళ్లు మూసుకున్నా వెళ్లగలిగేలా గుర్తుపెట్టుకో, అవసరం పడేది కళ్లు తెరవలేనప్పుడే. యాసిడ్‌లో నీళ్లు పొయ్యకు, నీళ్లలోనే యాసిడ్ పొయ్యాలి, బీఎస్సీ కదా తెలిసే ఉంటుంది, అయినా రెండేళ్ల అనుభవం ఉన్నవాడు పోసి చెయ్యి కాల్చుకోవడం చూశా. గాగుల్స్ చెమట పడతాయని నుదుటి మీదకు తోసేసుకునే సీనియర్లు ఉంటారు, వాళ్లను చూసి నేర్చుకోకు.

కెమిస్ట్రీ_పిల్ల

అందరికీ చాలా థ్యాంక్స్. జీతం సంగతి అమ్మకు చెప్పేశా, "16 వేలైనా మనింట్లో ఎవరు తెచ్చారే" అంది. సి షిఫ్ట్ అన్నయ్య రాసింది నాన్నకు చదివి వినిపించా. విండ్ సాక్ గురించి రెండుసార్లు అడిగి, "ధాన్యం తూర్పారబట్టేటప్పుడు గాలి చూసుకోమా, అదే కదా" అన్నారు. పంపిస్తానని ఇంకా నోటితో అనలేదు కానీ, ఆదివారం తనే వచ్చి దింపుతానని, రూమ్ చూస్తానని అంటున్నారు. పాన్‌లో మా ఇంటిపేరు తప్పుంది, రేపు మీ సేవకు వెళ్తున్నా. అక్కా, ఒక చిన్న డౌట్, ముక్కుపుడక తీసెయ్యాలా? చిన్నప్పుడు కుట్టించింది, తీస్తే పూడిపోతుందని అమ్మ భయం.

లంకెలపాలెం అక్క

కెమికల్ ల్యాబ్‌లో కొన్నిచోట్ల ఊరుకుంటారు, సూక్ష్మజీవుల పరీక్షలు చేసే మైక్రో ల్యాబ్‌లోకో, ప్రొడక్షన్‌కు శాంప్లింగ్‌కో వెళ్లాలంటే తీయాల్సిందే. గాజులు, గోళ్ల రంగు, పూలు ఎలాగూ కుదరవు. డ్యూటీ అయ్యాక రూమ్‌కు రాగానే పెట్టేసుకో, నాది పదకొండేళ్లుగా అలాగే ఉంది, పూడలేదు. చిన్న డబ్బా ఒకటి కొనుక్కుని బ్యాగులో వేసుకో, నేను మొదటిది బస్సులో పారేసుకున్నా.