20 నానోమీటర్ల బంగారు కణం 520 నానోమీటర్ల కాంతిని ఎలా పట్టుకుంటుంది?

ప్రశ్న:
నమస్కారం. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. ల్యాబ్‌లో క్లోరోఆరిక్ యాసిడ్ ద్రావణాన్ని మరిగించి సోడియం సిట్రేట్ కలిపాం. చిక్కటి ఎరుపు వచ్చింది. స్పెక్ట్రోమీటర్‌లో 520 నానోమీటర్ల దగ్గర శోషణ పీక్ కనిపించింది. కణాల వ్యాసం దాదాపు 20 నానోమీటర్లే. తనకంటే పాతిక రెట్లు పొడవున్న తరంగాన్ని అంత చిన్న కణం ఎలా పట్టుకుంటుంది? యాంటెనా అయితే సగం తరంగదైర్ఘ్యమైనా ఉండాలి కదా! పైగా కాస్త ఉప్పు వేయగానే ఎరుపు కాస్తా నీలమైంది. ఉప్పు బంగారాన్ని ఏం చేసింది?

జవాబు 1:
క్వాంటమ్ ఎఫెక్ట్ అండి. సైజు తగ్గితే శక్తిస్థాయుల మధ్య దూరం పెరుగుతుంది, రంగు మారుతుంది. 2023లో కెమిస్ట్రీ నోబెల్ ఇచ్చింది క్వాంటమ్ డాట్స్‌కే.

జవాబు 2:
క్వాంటమ్ డాట్స్ అంటే అర్ధవాహకాల నానోకణాలు, ఆ నోబెల్ వాటి సంగతండి. అక్కడ సైజే రంగును నిర్ణయిస్తుంది. బంగారంలో రెండు నానోమీటర్ల లోపుకి దిగితే మీ మాట చెల్లుతుంది. 20 దగ్గర మాత్రం మ్యాక్స్‌వెల్ సమీకరణాలే (విద్యుదయస్కాంతత్వపు పాత నియమాలే) చాలు. 1908లో జర్మన్ భౌతిక శాస్త్రవేత్త గుస్తావ్ మీ (Mie) ఈ ఎరుపును లెక్క కట్టింది వాటితోనే.

ప్రశ్న అడిగినవారికి: కణం చిన్నది కావడమే ఇక్కడ కలిసొచ్చిన విషయం. పెద్ద అల వచ్చినప్పుడు నీటి మీది బెండు ముక్క మొత్తం ఒకేసారి లేచి, ఒకేసారి దిగుతుంది. అలాగే ఏ క్షణంలో చూసినా గోళమంతటా విద్యుత్ క్షేత్రం దాదాపు ఒకటే. స్వేచ్ఛా ఎలక్ట్రాన్లన్నీ కలిసి ఒక పక్కకు జరుగుతాయి. వెనక ధనావేశం మిగిలి, వాటిని మళ్లీ లాగుతుంది. ఇలా అటూ ఇటూ ఊగడాన్నే ప్లాస్మాన్ అంటాం. తరంగం కణంలో ఇమడాల్సిన పనే లేదు, కాబట్టి సగం తరంగదైర్ఘ్యం నియమం ఇక్కడ వర్తించదు.

మరి 520 దగ్గరే ఎందుకు? లోహపు పర్మిటివిటీ (విద్యుత్ క్షేత్రానికి పదార్థం ఎలా స్పందిస్తుందో చెప్పే సంఖ్య), చుట్టూ ఉన్న మాధ్యమపు పర్మిటివిటీకి మైనస్ రెండు రెట్లయిన చోట ఊపు తారస్థాయికి చేరుతుంది. కాంతి పౌనఃపున్యాల దగ్గర నీటికి అది సుమారు 1.77. అంటే బంగారం పర్మిటివిటీ మైనస్ 3.5 చుట్టుపక్కలకు రావాలి. వచ్చేది 520 దగ్గరే. ఈ షరతులో వ్యాసార్ధం ఎక్కడా లేదు, గమనించండి! నాకు ఈ సబ్జెక్ట్ మీద ప్రేమ పుట్టింది ఇక్కడే. అదే నీటిలో వెండి కణాలకు ఈ షరతు 400 దగ్గర కుదురుతుంది, అందుకే అవి పసుపుగా కనిపిస్తాయి.

వ్యాసార్ధం ప్రభావం చూపేది బలం మీద. శోషణ దాని ఘనంతో పెరిగితే, వెదజల్లడం ఆరో ఘాతంతో పెరుగుతుంది. మీ కణాలు చిన్నవి కాబట్టి ఆకుపచ్చను ప్రధానంగా మింగేస్తాయి, మనకు ఎరుపు మిగులుతుంది.

ఇక ఉప్పు. అది బంగారాన్ని ఏమీ చేయలేదు. సిట్రేట్ ఇచ్చిన రుణావేశం వల్ల కణాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ దూరంగా ఉంటాయి. ఉప్పులోని అయాన్లు ఆ వికర్షణను కప్పేస్తాయి, కణాలు గుమిగూడతాయి. రెండు కణాలు బాగా దగ్గరపడితే ఒకదాని ఊపు మరొకదానికి అందుతుంది. ఇద్దరూ కలిసి ఊగే పౌనఃపున్యం తగ్గి, శోషణ ఎరుపు వైపు జరుగుతుంది. ఎరుపు పోతే మిగిలేది నీలమే. ఆ ఇరుకు సందులో క్షేత్రం విపరీతంగా పోగుపడుతుంది. అక్కడ చిక్కుకున్న అణువుల రామన్ సిగ్నల్ (అణువును గుర్తుపట్టేందుకు వీలిచ్చే, రంగు మారి వెదజల్లబడే కాంతి) ఎన్నో రెట్లు పెరుగుతుంది. నానోఫోటానిక్స్‌లో (నానోమీటర్ల స్థాయిలో కాంతిని మలిచే శాస్త్రంలో) సగం శ్రమ ఆ సందును అదుపులో పెట్టడానికే అంటాను నేను.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అండి. మరి గోళాన్ని కడ్డీలా సాగదీస్తే?

జవాబు 2:
రెండు పీక్‌లు వస్తాయి. అడ్డంగా ఊగేది 520 దగ్గరే ఉంటుంది. పొడవునా ఊగేది కడ్డీ పొడవు, మందాల నిష్పత్తిని బట్టి 700, 800 దాకా జరుగుతుంది. ఆ కాంతి శరీర కణజాలంలోకి బాగా వెళ్తుంది కాబట్టి వైద్య పరిశోధకులకు కడ్డీలంటే అంత ఆసక్తి. ఒక్క చిక్కు: ఈ ఊపు పది ఫెమ్టోసెకన్ల (ఒక్కోటి సెకనులో పది కోట్ల కోట్లవ వంతు) లెక్కలోనే చచ్చిపోయి చాలావరకు వేడిగా మారుతుంది. కాంతిని దూరం పంపాలనుకునేవారికి అది నష్టం, కణితిని వేడితో చంపాలనుకునేవారికి అదే పనిముట్టు.

ఈసారి ఉప్పును కొద్దికొద్దిగా కలుపుతూ, ప్రతిసారీ 400 నుంచి 800 దాకా స్పెక్ట్రమ్ తీయండి. 520 పీక్ కుంగుతూ, 600 దాటాక వెడల్పాటి గూను లేవడం కనిపిస్తుంది. గ్రాఫ్ ఇక్కడ పెట్టండి, చూద్దాం.