టీమక్స్‌లో పాత లైన్లు పోతున్నాయి, స్క్రోల్‌బ్యాక్ ఎలా పెంచాలి?

అందరికీ నమస్కారం. ఉబుంటులో గ్నోమ్ టెర్మినల్ వాడుతున్నాను. ప్రొఫైల్ సెట్టింగుల్లో స్క్రోలింగ్ పరిమితిని (స్క్రోల్‌బ్యాక్, అంటే పైకి వెళ్లి చూడగల పాత లైన్ల సంఖ్య) 10,000 లైన్ల నుంచి 50,000కి పెంచాను. అయినా టీమక్స్ (ఒకే టెర్మినల్‌ను చాలా భాగాలుగా వాడుకునే ప్రోగ్రామ్) లోపల మాత్రం చివరి 2,000 లైన్లే మిగులుతున్నాయి. నిన్న రాత్రి మూడు గంటలు నడిచిన బిల్డ్‌లో (కోడ్‌ను ప్రోగ్రామ్‌గా మార్చే పనిలో) మొట్టమొదటి ఎర్రరే పోయింది. కంట్రోల్-బి, తర్వాత స్క్వేర్ బ్రాకెట్ నొక్కి ఎంత పైకి వెళ్లినా ఏదో వార్నింగ్ దగ్గరే ఆగిపోయింది. చాలా బాధేసింది.

టీమక్స్ కాన్ఫిగ్ ఫైల్‌లో హిస్టరీ-లిమిట్ 50000 అని రాసి మళ్లీ లోడ్ చేశాను. కొత్త విండోల్లో పనిచేస్తోంది, అప్పటికే తెరిచి ఉన్న పేన్లలో (విండోలోని భాగాల్లో) పాత లెక్కే. వాటిని మూయకుండా పెంచే దారి ఏమైనా ఉందా? ఇరవై పేన్లు తెరిస్తే 8 జీబీ ర్యామ్ తట్టుకుంటుందా? మీరు ఎంత పెట్టుకున్నారో దయచేసి చెప్పండి. టీ (tee) కమాండ్‌తో లాగ్‌ని ఫైల్‌లోకి పంపొచ్చని తెలుసు, కానీ ప్రతిసారీ గుర్తుండదు.