వెనుక కమాన్లు (లీఫ్ స్ప్రింగ్‌లు) ఎత్తించిన పికప్‌కు ఏ షాక్ అబ్జార్బర్లు సరిపోతాయి?

ప్రశ్న:

నాది ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్. చిత్తూరు వైపు మా మామిడి తోటకు వెళ్లే బాట గోతులమయం. పైగా కాయల సీజనులో క్రేట్లు నిండా వేస్తే బండి వెనుక భాగం కుంగిపోతోందని, కమాను కట్టలో ఒక పట్టీ అదనంగా వేయించి సుమారు 2 అంగుళాలు ఎత్తించాను. షాక్ అబ్జార్బర్లు మాత్రం బండితో వచ్చినవే ఉన్నాయి. ఇప్పుడు ఖాళీ బండి స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడు వెనుక నుంచి ‘ఠక్’మని ఇనుప శబ్దం వస్తోంది. కమాన్ల పని చేసిన మెకానిక్ 2 అంగుళాలు పొడవైన షాక్‌లు వేస్తే చాలంటున్నారు. విడిభాగాల దుకాణంవారు గట్టి గ్యాస్ షాక్‌లు తీసుకోమంటున్నారు. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు:

నమస్కారమండీ. శబ్దం సంగతి ముందు చెబుతాను. చక్రం కిందికి జారినప్పుడు కమాను ఇంకా సాగగలిగే స్థితిలో ఉండగానే పాత షాక్ పూర్తిగా తెరుచుకుని ఆగిపోతోంది, అంటే యాక్సిల్ బరువంతా ఒక్క క్షణం దాని కడ్డీకి వేలాడుతోంది. ఇలాగే తిప్పితే మొదట ఆయిల్ సీలు కారుతుంది, తరువాత బోల్టుల దగ్గరి రబ్బరు బుష్‌లు చినుగుతాయి, చివరికి చాసిస్‌కు ఉన్న బ్రాకెట్ కూడా విరగవచ్చు. కాబట్టి మార్పించడం తప్పనిసరి.

అయితే ఎంత ఎత్తించారన్నదాని కంటే ఎలా ఎత్తించారన్నదే షాక్ ఎంపికను నిర్ణయిస్తుంది. యాక్సిల్‌కూ కమానుకూ మధ్య దిమ్మె పెట్టి ఎత్తించినవారికి కమాను బిరుసు మారదు, పొడవు సరిపోయే షాక్ దొరికితే చాలు. పొడవైన షాకిళ్లు (కమాను కొసను చాసిస్‌కు కలిపే పట్టీలు) వేయించినవారి సంగతీ దాదాపు అంతే, కాకపోతే షాకిల్ 2 అంగుళాలు పెరిగితే బండి లేచేది సుమారు 1 అంగుళమే. మీరు పట్టీ చేర్చారు కాబట్టి ఎత్తుతో పాటు కమాను బిరుసు కూడా పెరిగింది. బిరుసు కమాను నొక్కుకున్న తరువాత మరింత బలంగా తిరిగి తన్నుతుంది. ఆ తన్నును అదుపు చేయాలంటే షాక్ తెరుచుకునేటప్పుడు ఇచ్చే నిరోధం, అంటే రీబౌండ్, మునుపటి కంటే ఎక్కువ ఉండాలి. దుకాణంవారు ‘గట్టి’ అన్న మాటలో సగం నిజం ఉంది, కానీ నొక్కుకునేటప్పుడు కూడా విపరీతంగా గట్టిగా ఉండే షాక్ వేస్తే ఖాళీ బండి ప్రతి గోతికీ ఎగిరిపడుతుంది. బరువు మోసేది కమానే తప్ప షాక్ కాదు కనుక, కుంగుడు తగ్గుతుందని గట్టి షాక్ కొనడంలో అర్థం లేదు.

ఇక పొడవు. 2 అంగుళాలు కలిపేస్తే చాలన్న లెక్క నమ్మకండి, ఎందుకంటే వెనుక షాక్‌లు నిలువుగా కాక వాలుగా ఉంటాయి. 30 డిగ్రీల వాలు ఉంటే యాక్సిల్ 100 మిల్లీమీటర్లు కదిలినప్పుడు షాక్ కదిలేది 87 మాత్రమే. బండిని చదునైన చోట నిలిపి, పై బోల్టు మధ్య నుంచి కింది బోల్టు మధ్యకు కొలవండి. తరువాత చాసిస్ కింద స్టాండ్లు పెట్టి, షాక్‌లు విప్పేసి, బ్రేక్ గొట్టం బిగుసుకోకుండా గమనిస్తూ యాక్సిల్‌ను మెల్లగా కిందికి వేలాడదీసి అదే కొలత మళ్లీ తీసుకోండి. షాక్‌లు విప్పకుండా కొలిస్తే మీకు తెలిసేది పాత షాక్ పొడవే. మూడవ కొలత, బండి నేల మీద ఉన్నప్పుడు బంప్ స్టాపర్ (యాక్సిల్ మరీ పైకి రాకుండా ఆపేది) రబ్బరుకూ యాక్సిల్‌కూ మధ్య ఉన్న ఖాళీ.

ఉదాహరణకు (ఇవి మీ బండి కొలతలు కావు) నిలిచినప్పుడు 520, వేలాడినప్పుడు 610, స్టాపర్ ఖాళీ 90 మిల్లీమీటర్లు అనుకుందాం. రబ్బరు నలిగేది ఇంకో 30 కలిపితే యాక్సిల్ పైకి 120 వస్తుంది, అదే 30 డిగ్రీల వాలు లెక్క కట్టితే షాక్ ముడుచుకునేది సుమారు 104, అంటే 416 దగ్గర ఆగుతుంది. ఇటు 15, అటు 15 వెసులుబాటు ఉంచితే, పూర్తిగా మూసుకున్నప్పుడు 400 మించనిదీ, పూర్తిగా తెరుచుకున్నప్పుడు 625కు తగ్గనిదీ కావాలి. మరీ పొడవైన షాక్ తెస్తే నిండు క్రేట్లతో వెళ్లేటప్పుడు యాక్సిల్ స్టాపర్‌కు తగలకముందే షాక్ పూర్తిగా ముడుచుకుని లోపల అడుగు తగులుతుంది. నా దృష్టిలో అది పొట్టి షాక్ కంటే ప్రమాదం.

మళ్లీ అడిగినది:

ధన్యవాదాలండీ. మోనోట్యూబ్ (ఒకే గొట్టం ఉన్నది) మంచిదా, ట్విన్ ట్యూబ్ (గొట్టంలో గొట్టం ఉన్నది) మంచిదా?

జవాబు:

మోనోట్యూబ్‌లో నైట్రోజన్ ఎక్కువ ఒత్తిడితో ఉంటుంది కనుక వేడెక్కినా ఆయిల్ నురగ కట్టదు, కాబట్టి దూరప్రయాణాలకు బాగుంటుంది. కానీ దాని గొట్టానికి రాయి తగిలి సొట్టపడితే లోపలి పిస్టన్ అక్కడే పట్టేస్తుంది. ట్విన్ ట్యూబ్‌లో బయటి గొట్టం కాస్త సొట్టపడినా లోపలిది పనిచేస్తూనే ఉంటుంది. తోట బాటకు నేనైతే ఎత్తించిన బండ్ల కోసమే చేసిన, లావుపాటి ట్విన్ ట్యూబ్ తీసుకుంటాను. ఓల్డ్ మ్యాన్ ఈము, ఐరన్‌మ్యాన్ వంటి ఆస్ట్రేలియా బ్రాండ్లు డీ-మ్యాక్స్‌కు కమానూ షాకూ జతగా కూడా అమ్ముతాయి. కొనేటప్పుడు పెట్టె మీద మోడల్ పేరు చూసి ఊరుకోక, మూసిన పొడవు, తెరిచిన పొడవు, బుష్ లోపలి రంధ్రం కొలత అడగండి.

మరొక సభ్యుని సూచన:

షాక్‌లతో పాటు బ్రేకులూ చూపించుకోండి. కొన్ని పికప్‌లలో వెనుక బరువును బట్టి బ్రేకు ఒత్తిడిని సర్దే వాల్వు యాక్సిల్‌కు ఒక కడ్డీతో కలిసి ఉంటుంది. బండి ఎత్తితే అది బరువు లేదనుకుని వెనుక బ్రేకులను తగ్గించేస్తుంది. మీ బండికి అది ఉంటే కడ్డీని కొత్త ఎత్తుకు సర్దించాలి. హ్యాండ్ బ్రేక్ కేబులూ, ఏబీఎస్ తీగా వేలాడిన స్థితిలో లాగుకుంటున్నాయేమో కూడా చూడండి.

షాక్ బోల్టులను బండి గాలిలో ఉండగా చివరిదాకా బిగించనీయకండి. చక్రాలు నేల మీద ఆనిన తరువాతే బిగించాలి, లేకపోతే రబ్బరు బుష్ మెలిపడి ఉండిపోయి త్వరగా చినుగుతుంది. మరో మాట, షాక్ కడ్డీ బయటికి కనిపించే రకమైతే దాని అడుగున ఒక ప్లాస్టిక్ టై చుట్టి, నిండు బరువుతో తోట బాటలో వెళ్లి రండి. షాక్ ముడుచుకున్న కొద్దీ గొట్టం ఆ టైను పైకి నెడుతుంది, తిరిగొచ్చాక అది ఎక్కడ ఆగిందో చూస్తే ఇంకెంత మిగిలిందో తెలుస్తుంది. పూర్తిగా పై కొసకు చేరి ఉంటే ఆ షాక్ మీ బండికి పొడవు ఎక్కువైనట్టే. పొట్టిది వేయించాలి, లేదా బంప్ స్టాపర్‌ను కిందికి దింపించాలి.